కింద ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్, లంబసింగిలో మాత్రం మొండికేత: ఒక డీజిల్ బండి కేస్

మా షెడ్డు నర్సీపట్నంలో ఉంది. డౌనూరు దాటి ఘాట్ ఎక్కితే లంబసింగి. ఏడాదంతా క్లచ్ ప్లేట్లు, బ్రేకులు, ఏసీ గ్యాసు పనులతో గడిచిపోతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో మాత్రం తెల్లారకుండానే ఫోన్ మోగుతుంది. "గురువుగారూ, సెల్ఫ్ తిరుగుతోంది గానీ బండి అందుకోవట్లేదు. టూరిస్టులు చలికి వణికిపోతున్నారు" అని.

లంబసింగికి కొర్రబయలు అనే పేరు కూడా ఉంది. రాత్రి ఆరుబయట పడుకుంటే పొద్దున్నకి మనిషి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరు వచ్చిందంటారు. సముద్ర మట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. చెరువుల వేనం దగ్గర మబ్బుల సముద్రం చూడాలని జనం అర్ధరాత్రి బయల్దేరి వస్తారు. బండ్లు రాత్రంతా మంచులో నిలబడి ఉంటాయి. మైదానంలో ఏడాది పొడవునా బయటపడని జబ్బులు అక్కడ ఒక్క రాత్రిలో బయటపడతాయి.

ఈ కేస్ వివరంగా రాయడానికి కారణం ఉంది. ఇందులో మొదటి ప్రయత్నంలో నేను తప్పు చేశాను. ఇంకొకరు చెప్పిన వైద్యం చేసి ఉంటే ఓనరుకు అర లక్ష పోయేది, జబ్బు మాత్రం అలాగే ఉండేది.

బండి ఏడు సీట్ల డీజిల్. కామన్ రైల్ (అన్ని సిలిండర్లకూ ఎక్కువ ప్రెజర్‌తో డీజిల్ అందించే ఉమ్మడి గొట్టం) ఇంజిన్, నాలుగు సిలిండర్లు, 1,64,000 కిలోమీటర్లు తిరిగింది. ఓనరు గారికి ట్రావెల్స్ ఉంది, మూడు బండ్లు. డిసెంబరు రెండో వారంలో బండి తెచ్చి ఆయన చెప్పింది ఇది. కింద ఊళ్లో తాళం తిప్పగానే స్టార్ట్. కొండ మీద పొద్దున ఐదింటికి మాత్రం ఐదారు సార్లు సెల్ఫ్ కొట్టాలి. చివరికి స్టార్ట్ అయినా నిమిషం పాటు మిస్సింగ్ కొడుతూ, ఊగిపోతూ తిరుగుతుంది. అప్పటికే కొత్త బ్యాటరీ వేయించారు. సెల్ఫ్ మోటార్ విప్పి బ్రష్‌లు మార్పించారు. ఏమీ తగ్గలేదు. ఇంకో చోట చూపిస్తే సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు నాలుగూ పోయాయన్నారట.

"ఒక్కో దానికి పన్నెండు వేలంటున్నారు తమ్ముడూ. సీజన్లో సంపాదించిందంతా దానికే సరిపోతుంది" అన్నారు. మనిషి బాగా టెన్షన్‌లో ఉన్నారు. సంక్రాంతి వరకూ బుకింగులు ఉన్నాయి మరి.

స్టార్ట్ కాని బండి వస్తే నేను ముందు పానా పట్టను. డ్రైవర్‌ని కూర్చోబెట్టి మాట్లాడతాను. ఓనరు కన్నా డ్రైవరుకే ఎక్కువ తెలుస్తుంది. ఈ కుర్రాడిని రెండే ప్రశ్నలు అడిగాను. సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజిన్ ఎప్పటిలాగే చురుగ్గా తిరుగుతోందా, బరువుగా తిరుగుతోందా? స్టార్ట్ కాకముందు సైలెన్సర్ లోంచి పొగ వస్తోందా, వస్తే ఏ రంగు?

"కొంచెం బరువుగానే తిరుగుతుంది గురువుగారూ, చలికి అంతే కదా అనుకున్నాను. పొగ మాత్రం తెల్లగా గుప్పుమంటుంది, కళ్లు మండుతాయి."

నా మటుకు సగం రోగ నిర్ణయం ఆ జవాబులోనే ఉంది. కళ్లు మండే తెల్ల పొగ అంటే కాలని డీజిల్ ఆవిరి. ట్యాంకు నుంచి పంపుకి, పంపు నుంచి రైలుకి, రైలు నుంచి సిలిండర్‌లోకి డీజిల్ చేరుతోంది, లోపల అంటుకోవట్లేదు. పొగే రాకపోతే డీజిల్ అందట్లేదని వెతకాలి: ఫిల్టర్, గాలి పట్టడం, పంపు, రైలు ప్రెజర్. ఇక్కడ డీజిల్ అందుతోంది, వేడి చాలట్లేదు. వెతకాల్సింది వేడి ఎక్కడ తగ్గుతోందని.

డీజిల్ ఇంజిన్లో స్పార్క్ ప్లగ్ ఉండదు. పిస్టన్ గాలిని పదహారు, పదిహేడో వంతుకు నొక్కితే ఆ గాలి కాగిపోతుంది, అందులో పడిన డీజిల్ తనంతట తానే అంటుకుంటుంది. బయటి గాలి ఎంత చల్లగా ఉంటే లోపలి వేడి అంత తగ్గుతుంది. ఆ తగ్గుదల సమానంగా ఉండదు, నొక్కుడులో రెండింతలకు పైగా పెరుగుతుంది. నర్సీపట్నంలో పొద్దున 20 డిగ్రీలు, కొండ మీద 6 డిగ్రీలు అనుకుంటే బయట తేడా 14, సిలిండర్ లోపలికి వచ్చేసరికి అది 30 దాటుతుంది. పైగా వెయ్యి మీటర్ల ఎత్తులో గాలి ఒత్తిడి పది శాతానికి పైగా తక్కువ. ఈ లోటు పూడ్చడానికే ప్రతి సిలిండర్‌కీ ఒక హీటర్ ప్లగ్ పెడతారు. ఇంజిన్ వేగంగా తిరగడం కూడా అంతే ముఖ్యం. నెమ్మదిగా తిరిగితే నొక్కిన గాలి రింగుల పక్క నుంచి జారిపోతుంది, దాని వేడిని చల్లటి సిలిండర్ గోడలు లాగేసుకుంటాయి.

షెడ్డులో మొదటి రోజు ఏం చూశానో చెబుతాను. బ్యాటరీ 12.5 వోల్టులు, మంచిదే. సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ టెర్మినల్స్ మీద 10.8 చూపించింది. తొమ్మిదిన్నర కన్నా కింద పడితే కంగారు పడాలి, ఇది ఎంతో పైన ఉంది. ఇంజిన్ నడుస్తుంటే ఛార్జింగ్ 14.2. బండి కంప్యూటర్‌కి స్కానర్ పెడితే ఎర్రర్ కోడ్ ఒక్కటీ లేదు. సెల్ఫ్ కొట్టిన రెండు సెకన్లలో రైలు ప్రెజర్ 240 బార్‌కి చేరింది.

తర్వాత ఇంజెక్టర్లు. వీటికి విప్పే పని లేదు. నాలుగింటి రిటర్న్ పైపులూ ఊడదీసి, మెడికల్ షాపులో కొన్న సెలైన్ పైపులు తగిలించి, నాలుగు చిన్న సీసాల్లోకి వదిలాను. ఇంజిన్ కొన్ని నిమిషాలు నడిపి చూస్తే నాలుగు సీసాల్లోనూ డీజిల్ దాదాపు ఒకే మట్టంలో ఉంది. లోపల అరిగి కారుతున్న ఇంజెక్టర్ ఉంటే దాని సీసా మిగతా వాటికన్నా ముందు నిండుతుంది. అరగంట పని, ఖర్చు లేదు. నలభై ఎనిమిది వేల ఎస్టిమేట్ చెప్పే ముందు ఈ అరగంట ఎవరూ ఎందుకు పెట్టలేదో నాకు బాధనిపించింది.

అప్పుడు హీటర్ ప్లగ్గులు. పైన కలిపే పట్టీ విప్పి, ఒక్కొక్క ప్లగ్ తల నుంచి ఇంజిన్ బ్లాక్‌కి మీటర్ పెట్టాను. మంచి ప్లగ్ ఒక ఓమ్‌కి అటూ ఇటుగా చూపిస్తుంది. ఒకటి, నాలుగు నంబర్లు 0.7, 0.8. రెండు, మూడు నంబర్లకు మీటర్ కదల్లేదు. లోపల తీగ తెగిపోయింది. డాష్‌బోర్డు మీద స్ప్రింగులా వెలిగే హీటర్ లైటు మాత్రం రోజూ ఠంచనుగా వెలిగి ఆరిపోతూనే ఉందట. చాలామంది దాన్ని నమ్ముతారు. చాలా బండ్లలో ఆ లైటు కంప్యూటర్ లెక్కేసిన టైమ్ అయిపోయిందని మాత్రమే చెబుతుంది, ప్లగ్గులు నిజంగా కాగాయని కాదు.

కింద ఊళ్లో ఈ లోపం ఎందుకు తెలియలేదన్నది కూడా దీనితో తేలిపోయింది. గాలి వెచ్చగా ఉంటే చాలా ఇంజిన్లకు హీటర్ ప్లగ్గుల అవసరమే పెద్దగా రాదు. రెండు చచ్చిపోయినా మిగతా రెండు సిలిండర్లు అందుకుంటాయి, క్షణంలో మిగతావీ కలుస్తాయి. కొండ మీద ప్లగ్ చచ్చిన ఆ రెండు సిలిండర్లూ అందుకోవు, అందుకే మిస్సింగ్.

పాత ప్లగ్గులు తీయడం ఓపిక పని. ముందు రోజు రాత్రే మరల్లోకి తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచాను. మర్నాడు ఇంజిన్ వెచ్చబెట్టి, పానా కొంచెం వదులు చేస్తూ కొంచెం బిగిస్తూ తీశాను. బలం పెడితే ప్లగ్ మధ్యకి విరిగి హెడ్‌లో ఉండిపోతుంది, అప్పుడు హెడ్ దింపాల్సి రావచ్చు. మూడో నంబరు ఒక్కటే గంటన్నర పట్టింది. నాలుగూ కొత్తవే వేశాను, టార్క్ పానాతో మాన్యువల్‌లో చెప్పినంతే బిగించాను. క్లాంప్ మీటర్ పెట్టి చూస్తే నాలుగూ సమంగా కరెంటు తీసుకుంటున్నాయి. తాళం తిప్పగానే బండి అందుకుంది. ఓనరు గారికి ఇచ్చేశాను.

నా తప్పు అక్కడే. మధ్యాహ్నం మూడింటికి, వెచ్చటి ఇంజిన్ మీద స్టార్ట్ చేసి, చలి జబ్బు తగ్గిందని చెప్పాను.

నాలుగు రోజులకు డ్రైవర్ ఫోన్. "ముందుకన్నా నయం గురువుగారూ. ఆరు సార్లది మూడు సార్లకు వచ్చింది. కానీ ఇంకా బరువుగానే తిరుగుతోంది."

బరువుగా తిరుగుతోందని ఆ కుర్రాడు మొదటి రోజే చెప్పాడు. రెండు చచ్చిన ప్లగ్గులు దొరికాక ఆ మాట నేను పక్కన పెట్టేశాను. ఒక లోపం దొరికితే వెతకడం ఆపేయడం మా వృత్తిలో అందరికీ ఉండే జబ్బు, ఆ రోజు నాకూ పట్టింది.

ఈసారి నేనే బండితో పాటు కొండెక్కాను. మీటరు, స్కానరు, ఒక జత జంపర్ కేబుళ్లు, దుప్పటి పట్టుకెళ్లాను. రాత్రి పదింటికి ఇంజిన్ ఆపేశాం. పొద్దున ఐదున్నరకు థర్మామీటరులో 6 డిగ్రీలు. అద్దం మీద మంచు నీళ్లు కారుతున్నాయి, చేతులు పని చేయట్లేదు.

సెల్ఫ్ ముట్టుకోకుండా ముందు స్కానర్లో ఉష్ణోగ్రతలు చూశాను. కూలెంట్ 8, లోపలికి వెళ్లే గాలి 7. రాత్రంతా ఆగిన బండిలో ఈ రెండూ బయటి వాతావరణానికి దగ్గరగా, ఒకదానికొకటి దగ్గరగా ఉండాలి. కూలెంట్ సెన్సార్ పాడై 50 అని చూపిస్తే కంప్యూటర్ ఇంజిన్ వెచ్చగా ఉందనుకుని హీటర్ టైమ్ కోసేస్తుంది, కోడ్ కూడా పడకపోవచ్చు. ఇది పొద్దున్నే, స్టార్ట్ చేయకముందు మాత్రమే దొరికే సాక్ష్యం. సెన్సార్లు బాగానే ఉన్నాయి.

ఇక సెల్ఫ్. డ్రైవర్‌ని ఎనిమిది సెకన్లు కొట్టమన్నాను. ఇంజిన్ 131 ఆర్‌పీఎం దగ్గర బద్ధకంగా తిరిగింది, రెండు సార్లు దగ్గినట్టు చేసింది, అందుకోలేదు. బ్యాటరీ టెర్మినల్స్ మీద 10.7 వోల్టులు.

ఆ 10.7 చూసి ఆగిపోయాను. ఇంజిన్ అంత బరువుగా తిరుగుతుంటే సెల్ఫ్ మోటార్ బోలెడు కరెంటు లాగాలి, బ్యాటరీ ఇంకా కిందకి పడాలి. బ్యాటరీ హాయిగా ఉంది, మోటార్ నీరసంగా ఉంది. మధ్యలో ఎక్కడో దారి ఇరుకైంది. షెడ్డులో 10.8 చూసి మంచి బ్యాటరీ అనుకుని సంతోషించాను. నిజానికి అది కూడా ఇదే సంగతి చెబుతోంది, నాకు వినిపించలేదు.

మీటర్ నల్ల వైరు బ్యాటరీ నెగెటివ్ మీద, ఎర్ర వైరు ఇంజిన్ బ్లాక్ మీద పెట్టి మళ్లీ సెల్ఫ్ కొట్టించాను. అక్కడ అర వోల్టు లోపే ఉండాలి, కొత్త బండిలో అయితే 0.2 లోపే. చూపించింది 1.9. పాజిటివ్ వైపు నష్టం 0.3 మాత్రమే. అంటే బ్యాటరీ ఇస్తున్న 10.7లో మోటార్‌కి అందుతున్నది 8.5. దాదాపు రెండు వోల్టులు ఎర్త్ దారిలోనే, అంటే ఇంజిన్ బాడీ నుంచి బ్యాటరీ నెగెటివ్‌కి కరెంటు తిరిగి వెళ్లే దారిలోనే, వేడిగా పోతున్నాయి.

జంపర్ కేబుల్ ఒకటి తీసి బ్యాటరీ నెగెటివ్ నుంచి నేరుగా ఇంజిన్ మీది లిఫ్టింగ్ కొక్కేనికి తగిలించాను. హీటర్ లైటు ఆరాక సెల్ఫ్ కొట్టమన్నాను. శబ్దంలోనే తేడా తెలిసిపోయింది. 158 ఆర్‌పీఎం. ఎర్త్ నష్టం 0.2, బ్యాటరీ 10.3, మోటార్‌కి 9.7. నాలుగో సెకనులో ఇంజిన్ అందుకుంది. డ్రైవర్ కుర్రాడు బండి దిగి ఆ నల్ల వైరు వంక అలాగే చూస్తూ నిలబడ్డాడు.

అయితే అంతకుముందు రెండు సార్లు సెల్ఫ్ కొట్టాం కాబట్టి సిలిండర్లు కొంచెం వెచ్చబడి ఉంటాయి, ఆ సాయం కూడా ఉండొచ్చు. అందుకే మర్నాడు పొద్దున జంపర్ ముందే తగిలించి, మొదటి సెల్ఫ్‌నే వీడియో తీసి పంపమన్నాను. మళ్లీ నాలుగు సెకన్లలోపే స్టార్ట్.

బండి కిందకి వచ్చాక ర్యాంప్ ఎక్కించి చూశాం. గేర్‌బాక్స్ నుంచి ఛాసిస్‌కి వెళ్లే అల్లిక ఎర్త్ పట్టీ పైకి బాగానే ఉంది. నట్టు విప్పితే అసలు సంగతి. ఏడాది కిందట క్లచ్ పని చేయించినప్పుడు ఎవరో ఆ పట్టీ తీసి, ఛాసిస్‌కి తుప్పు పట్టకుండా నల్ల కోటింగు కొట్టి, ఆ కోటింగు మీదే మళ్లీ బిగించారు. లోహానికి లోహం తగలాల్సిన చోట మధ్యలో పెయింట్ పొర. మర మాత్రమే కరెంటు మోస్తోంది. పట్టీకి తొడిగిన గొట్టం లోపల రాగి అల్లిక కూడా పచ్చగా చిలుము పట్టి, సగం పోగులు చేత్తో పట్టుకుంటే పొడిపొడిగా రాలాయి.

కొత్త పట్టీ వేశాం, పాతదానికన్నా కొంచెం లావుది. రెండు వైపులా లోహం మెరిసేదాకా ఎమరీ పేపరుతో రుద్ది, బిగించాక పైన వ్యాజ్‌లైన్ రాశాం. బిగించాక రాయాలి, ముందు కాదు. హీటర్ ప్లగ్గుల కరెంటు కూడా ఇంజిన్ బాడీ నుంచి ఇదే పట్టీ గుండా బ్యాటరీకి తిరిగి వెళ్తుంది. ఒక్క హీటర్లు వెలిగినప్పుడు నష్టం కొంచెమే. సెల్ఫ్, హీటర్లు కలిసి నడిచే ఆ కొన్ని సెకన్లలో మాత్రం వాటి వోల్టేజీ కూడా ఇక్కడే పడిపోయేది. సరిగ్గా వేడి కావాల్సిన సమయంలో.

మూడో విషయం ఇంజిన్ ఆయిల్. డిప్‌స్టిక్ తీసి వేళ్ల మధ్య రాస్తే చాలా చిక్కగా ఉంది. ఓనరు గారిని అడిగితే 20డబ్ల్యూ-50 పోయిస్తున్నానన్నారు. పాత ఇంజిన్‌కి చిక్కటి ఆయిల్ మంచిదని ఎవరో చెప్పారట. బండి పుస్తకంలో రాసింది 5డబ్ల్యూ-30. ఆ డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఆయిల్ తీరును చెబుతుంది, ఎంత చిన్నదైతే చల్లటి ఇంజిన్ అంత తేలిగ్గా తిరుగుతుంది. 6 డిగ్రీల దగ్గర ఈ రెండు ఆయిళ్ల చిక్కదనంలో తేడా రెండింతలకు పైమాటే. ఆయిల్, ఫిల్టర్ మార్చి మళ్లీ కొండ మీద చూస్తే 187 ఆర్‌పీఎం వచ్చింది. 131 నుంచి 187కి.

డీజిలే గడ్డకట్టిందేమో అని కొందరు డ్రైవర్లు అడుగుతుంటారు. మన దేశపు ప్రమాణాల ప్రకారం చలికాలంలో అమ్మే డీజిల్ 6 డిగ్రీల దాకా ఫిల్టర్‌లోంచి సాఫీగా పోవాలి, వేసవి డీజిల్‌కి ఆ హద్దు 18. కాబట్టి లంబసింగిలో ఆ అనుమానం పూర్తిగా కొట్టిపారేయలేం, ముఖ్యంగా నెలల తరబడి డ్రమ్ముల్లో నిల్వ ఉన్న డీజిల్ పోస్తే. కానీ మైనం కట్టి ఫిల్టర్ మూసుకుపోతే రైలు ప్రెజర్ రాదు, తెల్ల పొగ రాదు. ఇక్కడ రెండూ ఉన్నాయి. లద్దాఖ్ లాంటి చోట్ల అది నిజమైన సమస్య. అక్కడి కోసమే ఇండియన్ ఆయిల్ 2019లో మైనస్ 33 డిగ్రీల దాకా గడ్డకట్టని డీజిల్ తెచ్చింది.

ఈ బండి మీద అంతకుముందు జరిగిన ఇంకో పని గురించి చెప్పి తీరాలి. రెండు మూడు సార్లు ఎయిర్ ఫిల్టర్ దగ్గర స్టార్టింగ్ స్ప్రే కొట్టి స్టార్ట్ చేశారట. హీటర్ ప్లగ్గులున్న డీజిల్ ఇంజిన్లో అది చాలా ప్రమాదం. ఆ స్ప్రేలో ఉండే ఈథర్ ఎర్రగా కాగిన ప్లగ్గుకి తగిలితే పిస్టన్ పైకి రాకముందే పేలుతుంది. పిస్టన్ పగలొచ్చు, కనెక్టింగ్ రాడ్ వంగొచ్చు, గాలి లోపలికి వెళ్లే మానిఫోల్డ్‌లోనే అంటుకుంటే మనిషి ముఖం కాలొచ్చు. ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే సంప్ కింద చితుకుల మంట పెట్టే వాళ్లనూ కొండ మీద చూశాను. పక్కనే డీజిల్ పైపులుంటాయి. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. బ్యాటరీ మీద గోనె సంచి కప్పడం, ఇంజిన్ గాలి తగలని వైపు తిప్పి పార్క్ చేయడం లాంటివి అయితే పర్వాలేదు, కొంచెం పనికొస్తాయి కూడా.

అన్నీ కలిపి ఖర్చు తొమ్మిది వేలు దాటలేదు. అందులో ఎక్కువ భాగం హీటర్ ప్లగ్గులకు, ఆయిల్‌కి. రెండు వోల్టులు మింగిన ఎర్త్ పట్టీ ఖరీదు నాలుగు వందల లోపు. ముందు వేయించిన కొత్త బ్యాటరీ, సెల్ఫ్ మోటార్ సర్వీసు డబ్బులు మాత్రం వెనక్కి రావు. పాత బ్యాటరీ బాగానే ఉండి ఉంటుందని నా నమ్మకం. అది ఎక్స్ఛేంజ్‌లో పోయింది, చూసే అవకాశం లేదు.

ఇప్పుడు మా షెడ్డులో ఒక పద్ధతి పెట్టాను. చలికి స్టార్ట్ కావట్లేదని వచ్చిన ఏ బండినీ అదే రోజు తిరిగి ఇవ్వడం లేదు. రాత్రి ఆరుబయట ఉంచి, తెల్లారకముందే మొదటి సెల్ఫ్‌కి నేను గానీ మా కుర్రాడు గానీ మీటర్ పట్టుకుని దగ్గర నిలబడతాం. బ్యాటరీ టెర్మినల్స్ మీద ఒక్క రీడింగుతో సరిపెట్టుకోం. బ్లాక్ వైపు నష్టం, సెల్ఫ్ వైపు నష్టం రెండూ పుస్తకంలో రాస్తాం. నర్సీపట్నం చలి లంబసింగి చలి కాదు, ఆ సంగతి తెలుసు. అయినా మధ్యాహ్నం మూడింటికి చూసిన దానికన్నా ఇది చాలా నమ్మకం.

జనవరిలో సంక్రాంతి ముందు ఓనరు గారు మిగతా రెండు బండ్లు కూడా పంపారు, వాటి మీద ఏ ఫిర్యాదూ లేకపోయినా. ఒకదానికి ఎర్త్ నష్టం 0.2 వచ్చింది. రెండోదానికి 0.8. దాని ఛాసిస్‌కీ అదే నల్ల కోటింగు, పట్టీ కిందా అదే పెయింట్ పొర. అది కూడా కొండ మీద ఎప్పుడో ఒక పొద్దున ఆగిపోయేదే. గీకి శుభ్రం చేసి బిగించి, ఆ సాయంత్రమే లంబసింగి బుకింగుకి పంపేశాం.